విదేశీ నగరంలో బడ్జెట్ దెబ్బతినేది టికెట్టు దగ్గర కాదు

2024 ఏప్రిల్‌లో విశాఖ నుంచి బ్యాంకాక్, కౌలాలంపూర్‌లకు నేరుగా విమానాలు మొదలయ్యాక, వీపున సంచి తగిలించుకుని విదేశం చూసొద్దామన్న ఉత్సాహం శ్రీకాకుళం, విజయనగరం కుర్రకారులో బాగా పెరిగింది. పెరగాల్సిందే. అయితే అందరూ టికెట్టు ఎంతకు దొరికిందన్న ఒక్క అంకెనే పట్టుకుని లెక్క మొదలుపెడుతున్నారు. బడ్జెట్‌ను నిజంగా తేల్చేవి మూడు: ఏ వేళకు దిగుతున్నారు, బస ఎక్కడ, ఎన్ని ఊళ్లు ఇరికించారు.

చౌక టికెట్లలో చాలావరకు అర్ధరాత్రో తెల్లవారుజామునో దిగేవే. ఎయిర్ ఏషియా విమానాలు బ్యాంకాక్‌లో పాత విమానాశ్రయం డాన్ మియాంగ్‌లో ఆగుతాయి. పగటిపూట దిగితే అక్కడి నుంచి ఏ1 బస్సుకు 30 బాట్లు. మో చిట్ దగ్గర దింపుతుంది, అక్కడ స్కై ట్రైన్ ఎక్కవచ్చు. రెడ్ లైన్ రైలెక్కితే క్రుంగ్ థెప్ అఫివాట్ స్టేషన్‌లో దిగి మెట్రోకు మారవచ్చు. రాత్రి ఒంటిగంటకు దిగినవాడికి ఇవేవీ ఉండవు. మీటరుకు తోడు 50 బాట్ల విమానాశ్రయ రుసుము, ఎక్స్‌ప్రెస్‌వే టోల్ కలిపి ట్యాక్సీకి మూడు నాలుగు వందల బాట్లు పోతాయి. బాటు విలువ రెండున్నర, మూడు రూపాయల మధ్య ఆడుతుంటుంది కాబట్టి అది వెయ్యి రూపాయల మాట. పైగా చాలాచోట్ల గది ఇచ్చేది మధ్యాహ్నం రెండింటికి. తెల్లవారుజామున చేరితే ఇంకో రాత్రి అద్దె కట్టాలి, లేదంటే రిసెప్షన్ దగ్గర కూర్చోవాలి. పగలు దిగే విమానానికి పదిహేను వందలు ఎక్కువైనా అదే లాభం.

ఇటువైపు దారినీ ఇలాగే లెక్కగట్టాలి. శ్రీకాకుళం నుంచి విశాఖ విమానాశ్రయం వంద కిలోమీటర్లకు పైనే. తిరుగు ప్రయాణంలో అర్ధరాత్రి దిగి పలాసకో పాలకొండకో కారు మాట్లాడుకుంటే టికెట్టులో మిగిలిందంతా దానికే సరి. భోగాపురం కొత్త విమానాశ్రయం నుంచి రాకపోకలైతే రెండు జిల్లాలకూ ఈ దూరం బాగా తగ్గుతుంది. విశాఖ అంతర్జాతీయ సర్వీసులు సీజన్‌ను బట్టి ఆగుతూ, మళ్లీ వస్తూ ఉంటాయి. అవి లేనప్పుడు హౌరా రైలెక్కి కోల్‌కతా నుంచి ఎగరడం మన జిల్లాలకు సహజమైన దారి. కానీ రైలు ఆలస్యమై విమానం తప్పితే విమాన సంస్థకు బాధ్యత ఉండదు, డబ్బు తిరిగి రాదు. మధ్యలో కనీసం పూట కాదు, ఒక రోజు ఖాళీ ఉంచుకోవాలి.

ఇక బస. ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. డార్మ్‌లో, అంటే పలువురు పంచుకునే గదిలో, మంచం శివారున 300 బాట్లకు దొరికి, స్టేషన్ పక్కన 450 చెబితే, చాలామంది శివారుకే వెళతారు. బ్యాంకాక్‌లో స్కై ట్రైన్, భూగర్భ మెట్రో వేర్వేరు వ్యవస్థలు. ఒకదాని నుంచి ఇంకోదానికి మారితే సాధారణంగా మళ్లీ మొదటి నుంచి ఛార్జీ కట్టాలి. శివారు నుంచి రానుపోను ఎనభై, వంద బాట్లు, స్టేషన్ నుంచి బస దాకా మోటార్ సైకిల్ ట్యాక్సీకి రెండు పూటలా ఇంకో నలభై, యాభై. మిగిలిందనుకున్న నూటయాభై అక్కడికే చెల్లు. రోజుకు గంటన్నర కాలం అదనంగా పోయింది. మధ్యాహ్నం ఎండలో వచ్చి స్నానం చేసి మళ్లీ బయల్దేరే వీలూ పోయింది.

దూరం చూసేటప్పుడు బుకింగ్ యాప్ చూపే అంకెను నమ్మకూడదు. అది తరచూ గీత గీసినట్టు నేరు దూరం. బ్యాంకాక్‌లో సోయిలనే పక్క వీధులు చాలావరకు అవతలికి దారి లేకుండా ఆగిపోతాయి. 600 మీటర్లన్న బసకు కిలోమీటరున్నర తిరిగి నడవాల్సి రావచ్చు. మ్యాప్‌లో నడక గుర్తు నొక్కి, స్టేషన్ మెట్ల నుంచి బస గుమ్మం దాకా ఎంతో చూసుకోవాలి. పది నిమిషాలు దాటితే వేరేది వెతకడం మేలు. సమీక్షల్లో గత రెండు మూడు నెలలవే చదవండి. నల్లుల మాట ఒక్కసారి కనిపించినా వదిలేయండి. లాకర్‌కు సొంత తాళం కప్ప పట్టుకెళ్లాలి.

వారం రోజుల్లో మూడు దేశాలు చుట్టే ప్రణాళికలను గట్టిగా వద్దనే చెప్పాలి. ఊరు మారిన ప్రతిసారీ అటూ ఇటూ విమానాశ్రయం దారి ఖర్చులు, తిండి, నిరీక్షణ కలిపి ఒక పగలు పోతుంది. వారానికి రెండు నగరాలు చాలు. సంచి 7 కిలోలు దాటితే చౌక విమానాల్లో విడిగా కట్టాలి, గేటు దగ్గరైతే ఆ రుసుము మరీ ఎక్కువ. పవర్ బ్యాంకు క్యాబిన్ సంచిలోనే ఉండాలి. నూనె తేలే ఆవకాయ సీసా తనిఖీ దగ్గర ఆగిపోతుంది, కందిపొడి వెళ్లిపోతుంది.

డబ్బు సంగతి. మన బ్యాంకు కార్డుల్లో విదేశీ వాడకం మొదట మూసే ఉంటుంది. బయల్దేరక ముందే యాప్‌లో తెరవాలి, ఓటీపీ వచ్చే సిమ్‌కు రోమింగ్ ఆన్ చేయాలి. థాయ్ ఏటీఎంలు విదేశీ కార్డుకు తీసిన ప్రతిసారీ 220 బాట్లో అంతకు పైనో కోస్తాయి. వెయ్యి తీసినా పదివేలు తీసినా అంతే. కాబట్టి ఒకేసారి తీయాలి. చివర్లో తెరపై రూపాయల్లో మొత్తం చూపించి, ఈ మారకం రేటుకు ఒప్పుకుంటారా అని అడుగుతుంది. ఒప్పుకోకుండా, మారకం లేకుండా కొనసాగించే మీట నొక్కాలి. ఒప్పుకుంటే ఆ మిషను బ్యాంకు తన రేటు వేస్తుంది, అది దాదాపు ఎప్పుడూ మనకు నష్టమే. దుకాణంలో కార్డు గీసినప్పుడు కూడా అక్కడి డబ్బులోనే కట్టండి.

మన ప్రాంతం వాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సింది ఇమిగ్రేషన్ గురించి. ఉద్యోగాల పేరుతో ఉత్తరాంధ్ర యువకులను కంబోడియాకు తరలించి సైబర్ మోసాలు చేయించిన ముఠాను 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టారు. ఒంటరిగా మొదటిసారి వెళ్లే కుర్రాడిని అధికారులు నాలుగు ప్రశ్నలు ఎక్కువ అడిగితే అది అతని మేలుకే. తిరుగు టికెట్టు, బస బుకింగ్, ఖర్చుకు డబ్బున్నట్టు రుజువు కాగితం మీద ముద్రించి పెట్టుకోవాలి. పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువుండాలి. థాయ్‌లాండ్, మలేషియా రెండూ దిగడానికి మూడు రోజుల లోపు ఆన్‌లైన్‌లో రాక పత్రం నింపమంటాయి. రెండూ ఉచితం. డబ్బు అడిగితే అది అధికారిక సైటు కాదు. వీసా నిబంధనలు మారుతూనే ఉన్నాయి కాబట్టి టికెట్టు కొనే రోజున మళ్లీ చూసుకోవాలి.

మొదటిసారి అయితే కౌలాలంపూర్‌తో మొదలుపెట్టమని మా సలహా. విమానాశ్రయం నుంచి కేఎల్ సెంట్రల్‌కు ఎక్స్‌ప్రెస్ రైలు 55 రింగిట్లు. బస్సుకు అందులో మూడో వంతు కూడా కాదు, గంట పడుతుంది. అదే కేఎల్ సెంట్రల్ నుంచి లోకల్ రైలు మురుగన్ కోవెల ఉన్న బతు గుహల దగ్గరికే తీసుకెళుతుంది. తమిళ ముస్లింలు నడిపే మామక్ హోటళ్లు చాలావాటిలో రాత్రి ఎప్పుడైనా రోటీ, పప్పు పులుసు దొరుకుతాయి. ఇంకో రెండు రోజులుంటే పేరాక్ రాష్ట్రం వైపు బస్సెక్కండి. తోటల పనికి మన ప్రాంతం నుంచి ఓడెక్కిన వాళ్ల మనవలు, మునిమనవలు అక్కడ ఇప్పటికీ తెలుగు మాట్లాడుతున్నారు.