హోటల్ తనిఖీలో పిల్లల వయసు కూడా చూడాలి

2024 వేసవిలో తెలంగాణ ఆహార భద్రతా విభాగం టాస్క్‌ఫోర్స్ బృందాలు హైదరాబాద్ హోటళ్లలో వరసగా తనిఖీలు చేశాయి. పేరున్న రెస్టారెంట్ల కిచెన్లలోనూ గడువు తీరిన సరుకులు, బొద్దింకలు, మూతల్లేని చెత్తడబ్బాలు బయటపడ్డాయి. ఫొటోలు అందరి ఫోన్లలో తిరిగాయి. ఆ తనిఖీలు మంచివే, ఇంకా జరగాలి కూడా. కానీ అదే కిచెన్ వెనక, సింకు దగ్గర ప్లేట్లు కడిగే కుర్రాడి వయసెంత అన్న ప్రశ్న ఆ చర్చలో నాకు ఎక్కడా వినపడలేదు. తిండి శుభ్రత మన ఆరోగ్యానికి సంబంధించింది కాబట్టి గట్టిగా అడిగాం. ఆ పిల్లవాడి సంగతి అంత గట్టిగా అడగలేదు.

పిల్లల హక్కుల మాట ఎత్తితే చాలామంది హోటల్ యజమానులు ముందు బోర్డు చూపిస్తారు. క్యాష్ కౌంటర్ వెనక, దేవుడి పటం పక్కన, ‘మా సంస్థలో బాల కార్మికులు లేరు’ అని రాసి ఉంటుంది. ఆ మాట చాలాచోట్ల నిజమే కావచ్చు కూడా. ముందు హాల్లో పదేళ్ల పిల్లలు టేబుళ్లు తుడవడం నగరాల్లో బాగా తగ్గింది. అయితే పిల్లల హక్కులు బోర్డుతో తీరిపోయే వ్యవహారం కాదు. పనిలోకి తీసుకునేటప్పుడు, షిఫ్టు వేసేటప్పుడు, రిసెప్షన్‌లో రూమ్ తాళం ఇచ్చేటప్పుడు, కాంట్రాక్టర్‌తో బేరం కుదుర్చుకునేటప్పుడు రోజూ తీసుకునే నిర్ణయాల్లో అవి ఉండాలి. ఆ అలవాటు మన హోటళ్లకు ఇంకా రాలేదు. అది వచ్చేలా వాళ్లకు తోడ్పడే ఏర్పాటు మన ప్రభుత్వాలూ చేయలేదు.

1986 నాటి బాల కార్మిక చట్టం నిషేధం కిందికి హోటళ్లు, దాబాలు, టీ కొట్లు, రిసార్టులు వచ్చింది 2006 అక్టోబరులో. 2016 సవరణతో 14 ఏళ్లలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోకూడదని తేలిపోయింది. సొంత కుటుంబం నడుపుకునే వ్యాపారంలో బడి అయ్యాక, సెలవుల్లో సాయం చేయడానికి, బాల నటులకు మాత్రం మినహాయింపు ఉంది. తప్పు చేస్తే ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు, లేదా 20 వేల నుంచి 50 వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఇంతవరకూ చాలామందికి తెలుసు.

అసలు చిక్కు 14 నుంచి 18 ఏళ్ల మధ్యవాళ్లతో. గనులు, పేలుడు పదార్థాలు, ప్రమాదకర ప్రక్రియల వంటి వాటిలో వీళ్లను పెట్టకూడదు. టేబుళ్ల దగ్గర వడ్డించే పని ఆ జాబితాలో లేదు. దాంతో ‘14 దాటితే చాలు’ అన్న మాట హోటల్ లైన్లో స్థిరపడిపోయింది. కానీ అదే చట్టం ఈ వయసువాళ్లకు పనివేళలు కూడా గీసి పెట్టింది. విరామంతో కలిపి రోజుకు ఆరు గంటలు మించకూడదు. మూడు గంటలు దాటకుండా ఒక గంట విశ్రాంతి ఇవ్వాలి. ఓవర్‌టైమ్ లేదు. వారానికో రోజు సెలవు ఇవ్వాలి. రాత్రి 7 నుంచి ఉదయం 8 దాకా అసలు పని చేయించకూడదు. వీళ్ల పేర్లు, పుట్టిన తేదీలు, పనివేళలతో రిజిస్టర్ ఉండాలి.

ఇక హోటల్ రోజు ఎలా గడుస్తుందో చూడండి. టిఫిన్ సెంటర్లో తెల్లారకముందే పొయ్యి వెలుగుతుంది, ఎనిమిదింటికల్లా సగం వ్యాపారం అయిపోతుంది. రెస్టారెంట్లో జనం మొదలయ్యేదే రాత్రి ఎనిమిదికి. అంటే 16 ఏళ్ల కుర్రాణ్ని చట్టప్రకారం పెట్టుకుంటే మధ్యాహ్నం భోజనాల వేళ తప్ప పెద్దగా వాడుకునే వీలే లేదు. హోటల్లో పడుకుని, పొద్దున్నే లేచి, షట్టర్ దించేదాకా పనిచేసే కుర్రాళ్లు ఏ లెక్కన చూసినా చట్టం బయటే ఉన్నారు. ఈ నిబంధనను ఒక కాగితం మీద తెలుగులో, హిందీలో అచ్చేసి, లైసెన్సు రెన్యువల్‌కి వచ్చిన ప్రతి యజమాని చేతిలో పెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

ఈ విషయం అందరికంటే ఎక్కువగా కనిపించేది కేటరింగ్‌లో. పెళ్లిళ్ల సీజన్లో ఒక జిల్లా కేంద్రంలో ఫంక్షన్ హాల్‌కి వెళ్లాను. ఒకే రంగు టీషర్టులు, చేతికి ప్లాస్టిక్ గ్లౌజులు వేసుకున్న కుర్రాళ్లు బకెట్లు పట్టుకుని వరసల మధ్య తిరుగుతున్నారు. మంచినీళ్ల సీసా ఇచ్చిన అబ్బాయిని ఏం చదువుతున్నావని అడిగితే ఇంటర్ ఫస్టియర్ అన్నాడు. సాయంత్రం నాలుగింటికి వచ్చాడట. అప్పటికి టైమ్ పదకొండు దాటింది, చివరి బంతి ఇంకా లేవలేదు. ఎంత ఇస్తారంటే, ‘మేస్త్రీ ఇస్తాడు అంకుల్, ఈసారి ఎంతో చెప్పలేదు’ అన్నాడు. భోజనం అందరూ తిన్నాక. మర్నాడు కాలేజీ ఉంది.

అలాంటి పిల్లలు మన ఊళ్లలో ప్రతి పెళ్లిలో ఉన్నారు. వాళ్లలో కొందరు ఫోను కోసం, బండి పెట్రోలు కోసం వస్తారు. కొందరు ఇంటి అద్దెలో తమ వంతు వేయడానికి వస్తారు. ఎందుకు వచ్చినా, అర్ధరాత్రి దాకా మరుగుతున్న సాంబారు బకెట్లు మోయించి, కూలి ఎంతో కూడా చెప్పకుండా పంపడం తప్పే. అక్కడ కేటరర్ ఒకరు, మనుషుల్ని తెచ్చే మేస్త్రీ ఇంకొకరు, హాల్ యజమాని మరొకరు, డబ్బు కట్టేది పెళ్లివాళ్లు. ఎవరినడిగినా పక్కవాళ్లను చూపిస్తారు. పెళ్లివాళ్లు స్వీట్లెన్ని, ప్లేటు ఎంత, ఎన్ని వందల మందికి వండాలి అని గంటల తరబడి మాట్లాడుకుంటారు. వడ్డించేవాళ్లందరికీ 18 నిండాలన్న ఒక్క షరతు అప్పుడే చేరిస్తే కేటరర్ ఆ ప్రకారమే మనుషుల్ని తెస్తాడు.

దాడులు చేసి పిల్లల్ని తీసుకొస్తున్నారు కదా అంటారు. నిజమే, తెలంగాణలో ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జులైలో ఆపరేషన్ ముస్కాన్ నడుస్తాయి. పోలీసు, కార్మిక, శిశు సంక్షేమ శాఖలు కలిసి హోటళ్లు, ఇటుక బట్టీలు, దుకాణాలు తిరుగుతాయి. ఎందరో పిల్లలు వాటివల్ల బయటపడ్డారు. అయితే ఆ నెల ఎప్పుడొస్తుందో యజమానులకీ తెలుసు. మిగతా పది నెలలు ఆ భారం ఎవరి మీదా ఉండదు.

‘నేనూ చిన్నప్పుడు ప్లేట్లు కడిగే పైకొచ్చాను, పని నేర్చుకుంటాడు, కడుపు నిండుతుంది’ అనే యజమానులు చాలామంది ఉన్నారు. వాళ్లలో కొందరు అబద్ధం చెప్పడం లేదు, నిజంగానే అలా ఎదిగారు. కానీ వాళ్లతోపాటు అదే సింకు దగ్గర నిలబడి ఎదగని వాళ్లు ఎందరో మనకు కనపడరు. బాలల హక్కుల కార్యకర్త శాంతా సిన్హా నాయకత్వంలో ఎం.వెంకటరంగయ్య ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లా పల్లెల్లో ఈ వాదనతోనే తలపడింది. బడి బయట ఉన్న ప్రతి పిల్లా పిల్లవాడూ బాల కార్మికులే అన్నది వాళ్లు పట్టుకున్న సూత్రం. పేద తల్లిదండ్రులు పిల్లల్ని చదివించరన్న నమ్మకం తప్పని వాళ్లు ఊరూరా చూపించారు. విద్యా హక్కు చట్టం 14 ఏళ్లకే ఆగిపోవడం వల్ల, టెన్త్ దగ్గర జారిపోయిన పిల్లలు ఇవాళ హోటల్ కిచెన్లలో తేలుతున్నారు.

చిన్న హోటల్ యజమాని ఇబ్బంది కూడా వినాలి. బిహార్ నుంచో, ఒడిశా నుంచో ఒక మేస్త్రీ ఆరుగురిని తీసుకొస్తాడు, అందరి దగ్గరా ఆధార్ జిరాక్స్ ఉంటుంది. అది అసలుదో కాదో ఆయనకేం తెలుస్తుంది? దీనికి ఒక దారి ఇప్పటికే ఉంది. ఆహారం ముట్టుకునే సిబ్బంది అందరికీ ఏటా వైద్య పరీక్ష చేయించి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ పెట్టుకోవాలని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన. మనిషి ఎలాగూ డాక్టర్ ముందుకు వెళ్తాడు. ఆ పరీక్షలోనే వయసు రుజువు సరిచూసి రాయమంటే, ఆహార భద్రతా అధికారి తనిఖీకి వచ్చినప్పుడు ఆ కాగితం కూడా అడిగితే, కొత్త శాఖ అక్కర్లేదు, కొత్త చట్టం అక్కర్లేదు.

పిల్లవాడు దొరికినప్పుడు ఏం చేయాలన్నది ఇంకో సమస్య. భయపడిన యజమాని రాత్రికి రాత్రి బస్సెక్కించి పంపేస్తాడు. కుర్రాడు పక్క ఊళ్లో ఇంతకంటే అధ్వాన్నమైన చోట తేలతాడు. అలా కాకుండా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసి, రావాల్సిన జీతం పైసాతో సహా లెక్కగట్టి ఇవ్వాలి. కుదిరితే ఆ ఇంట్లో పెద్దవాళ్లకు పని చూపించాలి. 1996లో ఎం.సి.మెహతా కేసు తీర్పులో సుప్రీంకోర్టు అన్నది కూడా ఇదే: యజమాని పిల్లవాడికి 20 వేలు కట్టాలి, ఆ కుటుంబంలో ఒక పెద్దకు ఉపాధి దొరికేలా ప్రభుత్వం చూడాలి. జీతం ఆపి పట్టుకునే యజమానులకైతే 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 79వ సెక్షన్ కింద అయిదేళ్ల దాకా కఠిన కారాగారం, లక్ష రూపాయల జరిమానా ఉంది. అది 18 ఏళ్లలోపు అందరికీ వర్తిస్తుంది.

కిచెన్ దాటి లాడ్జీ రిసెప్షన్‌కి వస్తే ప్రమాదం ఇంకా పెద్దది. పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం 20వ సెక్షన్ హోటల్, లాడ్జీ సిబ్బందిని పేరు పెట్టి చెప్పింది: పిల్లలను లైంగికంగా వాడుకునే దృశ్యాలు, వస్తువులు కంటపడితే పోలీసులకు చెప్పి తీరాలి. నేరం జరిగిందని తెలిసీ చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. సదుద్దేశంతో చెప్పినవాళ్ల మీద కేసులు పెట్టడానికి వీల్లేదని 19వ సెక్షన్ భరోసా ఇస్తోంది. మైనర్‌తో వ్యభిచారం చేయిస్తుంటే తెలిసీ ఊరుకున్న హోటల్ లైసెన్సును రద్దు చేసే వీలు 1956 నాటి వ్యభిచార నిరోధక చట్టంలోనే ఉంది. గోవా ఇంకో అడుగు వేసి 2003లో తెచ్చిన పిల్లల చట్టంలో, కుటుంబ సభ్యులతోనో బంధువులతోనో నమోదు కాని పిల్లలను హోటల్ గదిలోకి పంపకూడదని, ఆ బాధ్యత యజమాని, మేనేజర్లదేనని రాసింది. తిరుపతి, విశాఖ, హైదరాబాద్ వంటి చోట్ల లెక్కలేనన్ని లాడ్జీలున్న మన రెండు రాష్ట్రాల్లోనూ అలాంటి నిబంధన రావాలి.

ఇక్కడ ఒక పొరపాటు జరుగుతోంది. పెళ్లికాని మేజర్ల జంట వస్తే సవాలక్ష ప్రశ్నలు వేసే రిసెప్షన్, నడివయసు మనిషి ఒక అమ్మాయిని తీసుకొచ్చి ‘మా అన్న కూతురు’ అంటే తాళం ఇచ్చేస్తుంది. మేజర్ల జోలికి పోవాల్సిన పని లేదు. పిల్లలు ఉన్నప్పుడు మాత్రం పిల్లల గుర్తింపు కార్డు విడిగా చూడాలి, చుట్టరికం రాయించాలి, అనుమానం వస్తే ఫోన్ చేయాలి. నైట్ డ్యూటీలో ఒంటరిగా ఉండే కుర్రాడు ఆ ఫోన్ చేయాలంటే, గిరాకీ పోయిందని యజమాని తిట్టడన్న నమ్మకం ముందు ఉండాలి. హైదరాబాద్, విశాఖ, విజయవాడల్లోని నొవోటెల్ హోటళ్ల బ్రాండ్ సొంతదారు అకోర్, పిల్లల లైంగిక దోపిడీపై పోరాడే ఎక్‌పాట్‌తో కలిసి తన సిబ్బందికి ఈ శిక్షణ ఇస్తోంది. బస్టాండ్ ఎదుటి లాడ్జీకి అంత స్తోమత లేదు. పర్యాటక శాఖ, హోటల్ యజమానుల సంఘాలు కలిసి పోలీసులతో ఒక పూట క్లాసు పెట్టిస్తే చాలు.

సిబ్బంది పిల్లల గురించి కూడా ఒక మాట. 50 మంది, అంతకుమించి పనిచేసే చోట పిల్లల సంరక్షణ కేంద్రం ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చని 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టంలో చేర్చారు. గిన్నెలు తోమే, రొట్టెలు చేసే ఆడవాళ్లలో ఎక్కువమంది అంత పెద్ద హోటళ్లలో ఉండరు, ఉన్నా కాంట్రాక్టర్ లెక్కలో ఉంటారు. అంగన్‌వాడీ సాయంత్రానికే మూస్తారు, వాళ్ల పని అప్పుడే జోరందుకుంటుంది. ఒకే వీధిలో పది హోటళ్లు ఉన్నచోట అందరూ కలిసి ఒక గది, ఇద్దరు ఆయాలను పెట్టుకోవచ్చు.

ఇవన్నీ చిన్న హోటళ్లు తమంతట తాము చేస్తాయని ఆశించలేం, కాబట్టి వాటిని కదిలించగల పెద్దవాళ్లను అడగాలి. స్విగ్గీ, జొమాటో ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు లేని హోటల్‌ను యాప్‌లో చేర్చుకోవు. చేర్చుకునేటప్పుడే 18 ఏళ్లలోపువాళ్లు పనిలో ఉన్నారా, ఉంటే ఏ వేళల్లో అన్న డిక్లరేషన్ తీసుకోవచ్చు, అబద్ధమని తేలితే తీసేయవచ్చు. స్టాక్ మార్కెట్లో నమోదైన మొదటి 1000 కంపెనీలు బాల కార్మికుల గురించి ఏటా తమ వార్షిక నివేదికలో చెప్పాలని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన. వాటిలో ఉన్న హోటల్ కంపెనీలు ఆ గడిలో సున్నా రాసే ముందు, తమకు దుప్పట్లు ఉతికే లాండ్రీలో, బాంక్వెట్లకు మనుషుల్ని పంపే కాంట్రాక్టర్ దగ్గర ఎవరెవరు పనిచేస్తున్నారో వెళ్లి చూసి రాయాలి.