జీరో టికెట్ సిద్ధాంతం

ఒక ఆర్థిక ఆలోచన పుట్టిన చోటి నుంచి పక్క రాష్ట్రానికి ఎలా వెళ్తుంది, వెళ్ళి అక్కడ ఎవరి కుర్చీ లాగేస్తుంది అన్న విషయం మీద మన పండితులు పెద్దగా కష్టపడినట్టు లేదు. డిమాండు, సప్లయి అని రెండు గీతలు గీసి ఊరుకున్నారు. ఆ లోటు తీర్చడానికి నేనే పూనుకున్నాను. పరిశోధనకు వాడిన పరికరాలు రెండు: మా బాబాయి బ్యాంకు పాస్‌బుక్కు, కోదాడలో ఎక్కిన ఒక బస్సు.

ముందు చరిత్ర. 1967లో మద్రాసు రాష్ట్రంలో అన్నాదురై పార్టీ రూపాయికి మూడు పడుల (పడి అంటే అక్కడి కొలపాత్ర) బియ్యం అంది. గెలిచాక ఖజానా తెరిచి చూసుకుని, ఒక పడి చాలు, అదీ మద్రాసులో, కోయంబత్తూరులో అంది. మూడు కాస్తా ఒకటైంది గానీ అక్కడ దిగిన కాంగ్రెస్ ఆ తర్వాత ఆ గద్దె సొంతంగా ఎక్కలేదు. ఆ బియ్యం మూట సరిహద్దులోని తడ దాటి మన దగ్గరికి రావడానికి పదహారేళ్ళు పట్టింది. ఎన్టీఆర్ సభల్లో కిలో రెండు రూపాయలు అంటుంటే, అధికారంలో ఉన్న కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం రూపాయి తొంభై పైసలకే ఇస్తానంది. పది పైసలు తక్కువ! శాస్త్రం ప్రకారం జనం చవకబేరం వైపు పోవాలి. పోలేదు. 1983 జనవరిలో తెలుగుదేశానికి 201 సీట్లు వచ్చాయి. దీనికి నేను ‘పది పైసల చిక్కుముడి’ అని పేరు పెట్టాను. ఎవరైనా వాడుకోవచ్చు, పేటెంటు అడగను. ఈ రోజుల్లో ఎవరు ఎవరిని అడుగుతున్నారు గనక.

ఆ రెండు రూపాయల కిలో 2006లో కరుణానిధి హయాంలో తమిళనాడుకు తిరిగి వెళ్ళింది, కాన్పుకు పుట్టింటికి వెళ్ళినట్టు. 2011కల్లా జయలలిత దాన్ని పూర్తిగా ఉచితం చేశారు. తల్లీబిడ్డా క్షేమం.

ఇక్కడ ఒక పారిభాషిక పదం చెప్పుకోవాలి. పక్క రాష్ట్రంలో ఉన్నంతకాలం పథకం పేరు ‘తాయిలం’. సరిహద్దు దాటి మన గుమ్మంలో కాలు పెట్టగానే ‘సంక్షేమం’. 2022 జులైలో బుందేల్‌ఖండ్ ఎక్స్‌ప్రెస్‌వే ప్రారంభిస్తూ ప్రధాని ఈ రేవడీల సంస్కృతి దేశానికి ప్రమాదమన్నారు. రేవడీ అంటే నువ్వుల మిఠాయి. ఏడాది తిరక్కుండానే మధ్యప్రదేశ్‌లో ఆయన పార్టీ ప్రభుత్వమే లాడ్లీ బెహనా పేరుతో ఆడవాళ్ళ ఖాతాల్లో నెలకు 1,000 రూపాయలు వేసింది. అది రేవడీ కాదని మనవి. కావాలంటే వాసన చూడండి, నువ్వులు ఎక్కడా తగలవు.

ఇక పాస్‌బుక్కు. మా బాబాయికి ఆంధ్రలోని జగ్గయ్యపేట దగ్గర మూడెకరాల మెట్ట ఉంది. ఖాతాలో డబ్బు పడినప్పుడల్లా ప్రింటు వేయించుకుని, అంకెల పక్కన పెన్సిల్‌తో ఎవరు వేశారో రాసుకుంటాడు. 2019 నుంచి వరసగా చూస్తే ‘బాబు’, ‘మోదీ’, ‘జగన్’, ‘మోదీ’, మళ్ళీ ‘జగన్’, చివరి పేజీలో ‘బాబు (రెండోసారి)’ అని ఉంది.

“కేసీఆర్ పేరు ఎక్కడా లేదేంటి బాబాయ్? రైతుబంధు అని 2018 మేలో ఎకరానికి నాలుగు వేలు మొదలెట్టింది ఆయనే గదా?”

“ఆయన నాకేం వేశాడ్రా?” అన్నాడు, పాస్‌బుక్కు కవర్లో పెట్టేస్తూ.

బాబాయికి తెలియనిది పరిశోధకుడికి తెలియాలి. ఆ మేలో తెలంగాణలో పడ్డ విత్తనం డిసెంబరులో ఒడిశాలో కాలియా అయింది, కొత్త ఏడాది రాగానే బెంగాల్లో కృషక్ బంధు అయింది. 2019 ఫిబ్రవరి 1న కేంద్రం మధ్యంతర బడ్జెట్‌లో పీఎం కిసాన్‌గా తేలింది, ఏడాదికి 6,000. మే నుంచి ఫిబ్రవరికి తొమ్మిది నెలలు. ఇంతకంటే సహజమైన గడువు ఉండదు. బియ్యానికి పదహారేళ్ళు పట్టిన ప్రయాణం ఇది. ఇంత స్పీడులోనూ తెలంగాణలో అది చేను గట్టు దాటి కౌలు రైతు దాకా మాత్రం పోలేకపోయింది.

పేర్ల సంగతి ఇంకా చిత్రం. ఆంధ్రలో జగన్ దిగిపోగానే రైతు భరోసా బోర్డు తీసేసి అన్నదాత సుఖీభవ పెట్టారు. అటు తెలంగాణలో కాంగ్రెస్ ప్రభుత్వం రైతుబంధు బోర్డు తీసేసి రైతు భరోసా పెట్టింది. నదికి ఇటు చెరిపిన అక్షరాలే అటు రాశారు. ఈ దేశంలో అసలు ఆర్థికవేత్తలు ఫ్లెక్సీ షాపుల వాళ్ళేనని నాకు గట్టి అనుమానం.

మరి కనిపెట్టిన కేసీఆర్‌కు ఏం మిగిలింది? 2018లో 88 సీట్లు, 2023లో 39. ఎకరానికి ఏడాదికి 15 వేలు అన్నవాళ్ళు గెలిచారు, 12 వేలు ఇస్తున్నారు. మూడు పడుల కథ మళ్ళీ మొదలైంది. కంప్యూటర్ బటన్ నొక్కి ఖాతాల్లో వేయడంలో అందరికంటే ముందున్న జగన్‌కు 2024లో వచ్చినవి 175కి 11.

ఆడవాళ్ళ ఉచిత బస్సు దగ్గరికి వద్దాం. 2019లో ఢిల్లీలో బయలుదేరి 2021లో తమిళనాడు, 2023 జూన్‌లో ‘శక్తి’గా కర్ణాటక, డిసెంబరులో ‘మహాలక్ష్మి’గా తెలంగాణ చేరింది. ఆంధ్రలో అమలు చేసేముందు మంత్రుల బృందం బెంగళూరు వెళ్ళి అధ్యయనం చేసి వచ్చింది. టికెట్ డబ్బులు తీసుకోకుండా ఉండటం ఎలాగో నేర్చుకోవడానికి అంత దూరం వెళ్ళాలా అని అడిగేవాళ్ళకు పరిపాలన తెలియదు. ‘శక్తి’కి ముందు ‘స్త్రీ’ చేరింది గదా, అదే అధ్యయన ఫలితం. 2025 ఆగస్టు 15న బస్సు కదిలింది. ఆటోవాళ్ళు గగ్గోలు పెడితే వాళ్ళకు తలా 15 వేలు ఇచ్చారు. పథకం పిల్లను పెట్టిందన్నమాట.

మొన్న కోదాడలో జగ్గయ్యపేట వైపు వెళ్ళే తెలంగాణ బస్సెక్కాను. ముందు సీట్లో వదినా ఆడపడుచూ, ఒళ్ళో పసుపు కుంకాల సంచి. కండక్టర్ వదినగారి ఆధార్ చూసి, తెలంగాణ సరిహద్దు రామాపురం క్రాస్‌రోడ్డు దాకా జీరో టికెట్ కొట్టి, ఆపైన డబ్బులియ్యాలన్నాడు. ఆడపడుచుది ఆంధ్రా ఆధార్. మొత్తం కట్టాలన్నాడు.

“అదేంటయ్యా, మాకూ ఫ్రీయేగా!”

“మీ బస్సుల్లనమ్మా.”

“మీ బస్సు, మా బస్సు ఏంటి? పథకం ఒకటేగా?”

“పథకం ఒక్కటేనమ్మా, మిషన్ వేరు.”

మిషన్ కిర్రుమంటూ రెండు టికెట్లు కక్కింది. వదిన తన జీరో టికెట్‌ను అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ఆడపడుచు కిటికీ వైపు తిరిగి కూర్చుంది.