ఆడినవాళ్ళ చేతికే మైకు ఇవ్వండి

"రగ్బీ సరే, ఆ తర్వాత ఏం చేస్తుంది?"

మన ఇళ్ళల్లో ఆడపిల్లల ఆటల సంగతి వస్తే ఎవరో ఒకరు ఈ ప్రశ్న వేస్తారు. పిల్ల ప్రైమరీ స్కూల్లో నడుముకి రిబ్బన్లు కట్టుకుని రిప్పా రగ్బీ ఆడినంతకాలం ఫోటోలు తీసి అమ్మమ్మకి పంపిస్తాం, హైస్కూల్‌కొచ్చి నిజంగా ట్యాకిల్ చేసే, అంటే బంతి ఉన్నవాళ్ళని పట్టి పడేసే ఆట మొదలుపెట్టగానే టెన్షన్ పట్టుకుంటుంది. మోకాలు పోతుందేమో, చదువు పాడవుతుందేమో, ముప్ఫై దాటాక ఆట అయిపోతే చేతిలో ఏం మిగులుతుంది. ఇది తల్లిదండ్రులు అడగాల్సిన ప్రశ్నే, తప్పు పట్టను. కానీ దానికి మంచి జవాబు ఒకటి మనముండే ఈ న్యూజిలాండ్‌లోనే, టీవీలో మ్యాచ్ పెడితే వ్యాఖ్యానంగా వినిపిస్తోంది. ఆమె పేరు హనీ హిరేమే-స్మైలర్.

వైకాటో ప్రాంతంలో పుతారురు అనే చిన్న ఊరు ఆమెది. 1981లో పుట్టింది. మొదట రగ్బీ లీగ్, అంటే పదమూడు మంది ఆట, అందులో న్యూజిలాండ్ జట్టు కివీ ఫెర్న్స్‌కి ఏళ్ళ తరబడి ఆడింది. తర్వాత సెవెన్స్, అంటే ఏడుగురి రగ్బీ. 2009లో ఒలింపిక్ కమిటీ రగ్బీ సెవెన్స్‌ని 2016 రియో ఆటల్లో చేర్చాక ఇక్కడ మహిళల సెవెన్స్ ఒక్కసారిగా ఊపందుకుంది. 2012లో గో ఫర్ గోల్డ్ అని దేశమంతా సెలెక్షన్లు పెడితే నెట్‌బాల్ ఆడేవాళ్ళూ ఇతర ఆటలవాళ్ళూ వందల మంది వచ్చారు. అప్పట్లో మహిళల రగ్బీ మీద బతికేంత డబ్బు లేదు. అలాంటి రోజుల్లో 2013 జూన్‌లో మాస్కోలో సెవెన్స్ ప్రపంచ కప్ జరిగితే ఫైనల్లో కెనడాని 29-12తో ఓడించి గెలిచిన జట్టులో హనీ ఉంది, అప్పటికి ఆమెకి ముప్ఫై రెండేళ్ళు. మరుసటి ఏడు ఫ్రాన్స్‌లో పదిహేను మంది ఆట ప్రపంచ కప్‌కి న్యూజిలాండ్ మహిళల జట్టు బ్లాక్ ఫెర్న్స్ తరఫున వెళ్ళింది. రియోకి వెళ్ళిన సెవెన్స్ జట్టులో మాత్రం లేదు. లీగ్‌కే తిరిగి వచ్చి 2017 ప్రపంచ కప్ ఆడింది, ఆ ఫైనల్లో బ్రిస్బేన్‌లో ఆస్ట్రేలియా 23-16తో గెలిచింది.

ఆట వదిలేశాక స్కై స్పోర్ట్ చానెల్‌లో వ్యాఖ్యాతగా, విశ్లేషకురాలిగా కూర్చుంది. న్యూజిలాండ్ ఆర్డర్ ఆఫ్ మెరిట్ గౌరవం కూడా దక్కింది. గెలుపులు మాత్రమే ఉన్న కెరీర్ కాదు కాబట్టే నాకు ఈ ఉదాహరణ నచ్చింది. ఒలింపిక్ కల అందని, ఫైనల్ ఓడిన మనిషి మైకు ముందు కూర్చున్నప్పుడు, ఓడిపోయిన జట్టు డ్రెస్సింగ్ రూమ్‌లో ఏం జరుగుతూ ఉంటుందో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు.

సెవెన్స్‌లో ఈ అనుభవం ఎందుకంత అవసరమో ఆట చూస్తే అర్థమవుతుంది. పదిహేను మంది ఆడే పూర్తి సైజు మైదానంలో ఏడుగురే ఆడతారు, సగానికి ఏడు నిమిషాల చొప్పున పద్నాలుగు నిమిషాలు. ఒకే రోజు రెండు మూడు మ్యాచ్‌లు, మళ్ళీ మర్నాడు అదే. ట్రై చేశాక, అంటే అవతలి గీత దాటి బంతిని నేలకి ఆనించాక, అదనపు పాయింట్ల కోసం తన్నే కన్వర్షన్ కూడా బంతిని నేలకి తగిలించి పైకి లేస్తుండగా తన్నాలి, అదీ గడియారం తరుముతుండగా. పదిహేను మంది ఆటలో పాయింట్లు ఇచ్చుకున్న జట్టు బంతి తన్ని ఆట మళ్ళీ మొదలుపెడుతుంది, సెవెన్స్‌లో మాత్రం పాయింట్లు కొట్టిన జట్టే తన్నాలి. కొత్తగా చూసేవాళ్ళకి ఇది మామూలు రూల్‌లా కనిపిస్తుంది కానీ సగం మ్యాచ్‌లు తేలేది అక్కడే. తన్నిన బంతిని గాల్లో మళ్ళీ తామే అందుకుంటే అవతలి జట్టుకి బంతే దొరక్కుండా రెండో ట్రై, మూడో ట్రై అయిపోతాయి. ఆ గాల్లోకి ఎగిరేది ఎవరు, ఆమెకి ఇంతకుముందే ఎన్ని దెబ్బలు తగిలాయి, వెనకాల కాపలా ఉండాల్సిన అమ్మాయి ఎందుకు నాలుగడుగులు ముందుకొచ్చేసింది... ఇవి స్కోరు బోర్డు మీద కనపడవు. చేతులు నడుం మీద పెట్టుకుని నిలబడిందంటే ఊపిరి అయిపోయిందని, వచ్చే దాడి అటువైపే వస్తుందని ఆడినవాళ్ళకి కళ్ళు చూడగానే నోటికొస్తుంది.

2024 పారిస్ ఒలింపిక్స్‌లో మహిళల సెవెన్స్ కాంస్య పతకం మ్యాచ్ గుర్తు చేసుకోండి. ఆస్ట్రేలియా 12-7తో ముందుంది, టైమ్ అయిపోయింది, అమెరికా అమ్మాయి అలెక్స్ సెడ్రిక్ తమ గీత దగ్గర్నుంచి బయటపడి మైదానమంతా పరిగెత్తి ట్రై చేసి, కన్వర్షన్ కూడా తనే కొట్టి 14-12తో గెలిపించింది. ఆ పరుగు పది పన్నెండు సెకన్లకి మించదు. అందులో అరుపులు ఎవరైనా అరుస్తారు. మొదటి ట్యాకిల్ ఎలా తప్పిందో, అప్పటికే కాళ్ళు బరువెక్కిన డిఫెండర్లు ఎందుకు అందుకోలేకపోయారో వెంటనే చెప్పాలంటే ఆ స్థితిలో తాను ఎప్పుడో నిలబడి ఉండాలి. కార్ల్ టె నానా వ్యాఖ్యానం నాకు ఇష్టం కావడానికి కారణం ఇదే. న్యూజిలాండ్ సెవెన్స్ జట్టుకి ఆడి తర్వాత మైకు పట్టుకున్న మనిషి, ఆటగాడు ఏం ఆలోచిస్తున్నాడో లోపల్నుంచి చెప్తాడు. ఇంగ్లండ్ సెవెన్స్ కెప్టెన్‌గా చేసిన రాబ్ వికర్‌మన్ కూడా ఇదే దారిలో వచ్చాడు.

అలాగని ఆడిన ప్రతివాళ్ళూ బాగా మాట్లాడతారని నేననను. మాట్లాడటం వేరే విద్య, అది నేర్చుకోవాలి. స్కోరు, పేర్లు, క్రమం చెప్పే ప్రధాన వ్యాఖ్యాత ఒకరు, ఎందుకు జరిగిందో చెప్పే రెండోవాళ్ళు ఒకరు. ఈ రెండో కుర్చీ ఆడినవాళ్ళదే అవ్వాలి, ముఖ్యంగా మహిళల మ్యాచ్‌లకి ఆడిన మహిళలదే అవ్వాలి. 2022 నవంబర్‌లో ఆక్లాండ్ ఈడెన్ పార్క్‌లో మహిళల రగ్బీ ప్రపంచ కప్ ఫైనల్, 34-31తో ఇంగ్లండ్ మీద న్యూజిలాండ్ గెలుపు, 42,579 మంది జనం. అంత జనం చూసే ఆటని "అమ్మాయిలు భలే ఆడుతున్నారు" అని మెచ్చుకుని వదిలేస్తే కుదరదు, తప్పు చేస్తే తప్పని చెప్పగలిగేవాళ్ళు ఉండాలి. అది కూడా గౌరవమే.

భాష విషయంలోనూ ఈ దేశం నుంచి నేర్చుకోవాల్సింది ఉంది. 2011 రగ్బీ ప్రపంచ కప్‌ని ఇక్కడి మూలవాసుల చానెల్ మావోరి టెలివిజన్ ప్రసారం చేసినప్పుడు తమ భాషలో వ్యాఖ్యానం కూడా పెట్టింది. దానికి ఎంతమంది వింటారులే అని కూర్చోలేదు. మనకీ ఆ దారి కొత్త కాదు, ఐపీఎల్ తెలుగు వ్యాఖ్యానంలో ఎమ్మెస్కే ప్రసాద్, వేణుగోపాలరావు లాంటి మాజీ ఆటగాళ్ళు కూర్చుంటే ఇక్కడ ఆక్లాండ్‌లో కూడా అది పెట్టుకుని చూసే ఇళ్ళున్నాయి. రగ్బీ కూడా మనకి మరీ పరాయిదేం కాదిప్పుడు. 2025 జూన్‌లో ముంబైలో మొదలైన రగ్బీ ప్రీమియర్ లీగ్ సెవెన్స్ ఆటే, అందులో హైదరాబాద్ హీరోస్ అని జట్టుంది. ఆ ఆటని తెలుగులో ఆడినవాళ్ళ అనుభవంతో చెప్పగలిగేవాళ్ళు ఎక్కణ్ణుంచి వస్తారు? నన్నడిగితే ఇక్కడ స్కూల్ జట్ల నుంచి రావచ్చు. ఇంట్లో తెలుగు మాట్లాడి శనివారం పొద్దున్నే మంచులో బూట్లు కట్టుకుని గ్రౌండ్‌కి పోయే పిల్లలు మన మధ్యే పెరుగుతున్నారు.

కాబట్టి మన సంఘం కమిటీవాళ్ళని ఒకటే అడుగుతున్నాను. సంక్రాంతికి క్రికెట్ పెడతాం, వాలీబాల్ పెడతాం, మైకు మాత్రం ఎప్పుడూ పెద్దవాళ్ళ చేతిలోనే ఉంటుంది. ఈసారి ఫైనల్‌కి రెండు మైకులు పెట్టండి. ఒకటి బాగా మాట్లాడగలిగే కుర్రాడికో అమ్మాయికో ఇవ్వండి, రెండోది తప్పనిసరిగా ఆ ఆట ఆడే పిల్లకి ఇవ్వండి. తెలుగు తడబడితే తడబడనివ్వండి, మధ్యలో ఇంగ్లీష్ వస్తే రానివ్వండి, పక్కనుంచి అందుకుని సరిదిద్దకండి. ముందు వారం ఒక సాయంత్రం కూర్చోబెట్టి పాత మ్యాచ్ వీడియో సౌండ్ తీసేసి చూపిస్తూ చెప్పించండి, అంతకన్నా పెద్ద శిక్షణ మొదట్లో అక్కర్లేదు. ఆటగాళ్ళ పేర్లు ముందే అడిగి సరిగ్గా పలకడం నేర్చుకోమనండి. రికార్డ్ చేసి పిల్లలకే ఇచ్చేయండి, రేపు ఏ రేడియోకో స్కూల్ స్ట్రీమింగ్‌కో వెళ్ళి అడగడానికి అది పనికొస్తుంది. స్పాన్సర్ల ప్రకటనలు ఆటల మధ్య విరామంలో చదువుకోవచ్చు. ఈ పని చూసుకోవడానికి నేను సిద్ధం, ఇంకో ఇద్దరు ముందుకొస్తే చాలు.