అంకుల్‌కి వెర్బ్స్ చెప్పు కన్నా!

ఇంగ్లీషు మీడియం పిల్లాడున్న ఇంటికి వెళ్తే మంచినీళ్ల తర్వాత వచ్చేది కాఫీ కాదు, పిల్లాడు. "అంకుల్‌కి వెర్బ్స్ చెప్పు కన్నా" అంటుంది తల్లి. వాడు చేతులు కట్టుకుని, ఫ్యాన్ వైపు చూస్తూ అందుకుంటాడు: గో వెంట్ గాన్, కమ్ కేమ్ కమ్. కట్ కట్ కట్, పుట్ పుట్ పుట్ దగ్గర స్పీడు పెరుగుతుంది. వీ వన్, వీ టూ, వీ త్రీ మూడూ ఒకటే కాబట్టి ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకునేది అక్కడే. తాతగారు కళ్లజోడు సర్దుకుని "హ్యాంగ్ చెప్పరా" అంటారు. హంగ్ అంటాడు వాడు. "చొక్కాకైతే హంగ్. మనిషిని ఉరితీస్తే హ్యాంగ్డ్!" అని తీర్పు వస్తుంది. ఉరితీతల గురించి ఇంగ్లీషులో చెప్పాల్సిన అవసరం ఆయనకెప్పుడొచ్చిందో మనం అడగకూడదు. ఆ తర్వాత లై. పడుకుంటే లే, లెయిన్. అబద్ధమాడితే లైడ్, లైడ్. ఈలోపు కాఫీ చల్లారిపోతుంది.

ఇంత నిష్ఠగా వల్లించే ఈ మంత్రాలు ఇంగ్లీషువాళ్ల దగ్గరే నిలకడగా లేవు. వెంట్ అసలు గోకి పుట్టిందే కాదు, వెండ్ అనే వేరే క్రియది. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో హెల్ప్‌కి హోల్పెన్, డిగ్‌కి డిగ్డ్ కనిపిస్తాయి. ఇవాళ మనవాడు ఆ రెండూ రాస్తే రెండు మార్కులూ గోవిందా. 2007లో నేచర్ పత్రికలో ఒక లెక్క వచ్చింది. పాత ఇంగ్లీషులోని 177 ఇర్రెగ్యులర్ క్రియలు, అంటే మామూలు రూలుకు లొంగనివి, తీసుకుని చూస్తే, ఇప్పటికీ అలాగే ఉన్నవి 98. జనం అంతగా వాడనివి బుద్ధిగా రూలు ప్రకారం చివర ఈడీ (-ed) తగిలించుకున్నాయి. రోజూ నోట్లో నానే బి, హ్యావ్, డు, గో మాత్రం ఎవరి మాటా వినలేదు. పలుకుబడి ఉన్నవాళ్లకు రూల్స్ వర్తించవని మనకు కొత్తగా చెప్పాలా?

సరే, మనవాడు ఒకరోజు టాట్ అనకుండా టీచ్డ్ అన్నాడు. పుట్టుకతో ఇంగ్లీషు మాట్లాడే పసిపిల్లలూ అలాగే అంటారు. ఎవరూ నేర్పని మాటను సొంతంగా తయారుచేశాడంటే రూలు బుర్రకెక్కినట్టే. వాళ్ల తల్లులు నవ్వి ఊరుకుంటారు. మన దగ్గర? వంద సార్లు ఇంపోజిషన్, గోడకుర్చీ, అరచేతి మీద స్కేలు! ఏడేళ్ల పిల్లాడండీ! బస్సులో పెద్దపిల్లాడు కొట్టాడని టీచరుకు తెలుగులో చెబితే ఫైను. ఇంగ్లీషులో చెబుదామంటే బీట్‌కి వీ టూ గుర్తురాదు, తప్పు చెబితే మళ్లీ దెబ్బలు. వాడు ఇంకెవరికి చెప్పుకోవాలి?

పిల్లల్ని కొట్టకూడదని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్‌లో స్పష్టంగా ఉంది. వెర్బుల చార్టు పక్కన దాన్ని కూడా అంటించిన స్కూలు ఎక్కడైనా ఉంటే చెప్పండి, చూసొస్తాను.