‘వెయ్యి మందికి ఒక జీబీ’ లెక్క ఎక్కడ తప్పుతుందంటే

వెబ్ సర్వర్ ర్యామ్ గురించి బాగా షేర్ అవుతున్న సలహా ఇది: "వెయ్యి మంది యూజర్లకు 1 జీబీ చాలు. ఫ్రీ మెమరీ 200 ఎంబీకి దిగితే ర్యామ్ పెంచాల్సిందే. జావా అయితే ఉన్నదంతా హీప్‌కి ఇచ్చేయండి. స్వాప్ తీసేయండి." (హీప్ అంటే జావా ప్రోగ్రాం తన డేటా పెట్టుకునే ర్యామ్ భాగం, స్వాప్ అంటే ర్యామ్ చాలనప్పుడు డిస్క్‌లో వాడుకునే చోటు.)

ముందు యూజర్ల లెక్క చూద్దాం. ర్యామ్ తినేది ఆ క్షణంలో నడుస్తున్న రిక్వెస్టులు. ఎంతమంది ఖాతాలు తెరిచారన్నదానితో దానికి పెద్దగా పని లేదు. (వెబ్‌సాకెట్లు, అంటే తెరిచే ఉంచే కనెక్షన్లు, వాడితే తెరిచి ఉన్న కనెక్షన్లనూ కలుపుకోవాలి.) సెకనుకు 50 రిక్వెస్టులు వచ్చి, ఒక్కోటి 0.2 సెకన్లలో ముగిస్తే సగటున లోపల ఉండేవి 10. డేటాబేస్ మొరాయించి ఒక్కోటి 2 సెకన్లు తీసుకుంటే 100. కొత్తగా ఒక్క యూజరూ రాలేదు, వర్కర్లు (రిక్వెస్టులను నడిపే ప్రాసెస్‌లు) మాత్రం పదింతలు కావాలి.

కాబట్టి వర్కర్ నుంచి మొదలుపెట్టాలి. 4 జీబీ మెషీన్, పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం (పీహెచ్‌పీ వర్కర్లను నడిపే ప్రోగ్రాం), డేటాబేస్ వేరే చోట ఉందనుకుందాం. 4096 ఎంబీలో ఓఎస్, ఎన్జిన్‌ఎక్స్ (వెబ్ సర్వర్) వగైరాలకు 600, క్యాష్‌కీ ఆకస్మిక లోడుకీ 800 పక్కన పెడితే 2696 మిగులుతుంది. లోడు మీద కొన్ని వేల రిక్వెస్టులు నడిచాక ఒక్కో వర్కర్ 90 ఎంబీ దగ్గర నిలకడగా ఉంటే గరిష్ఠంగా 29 వర్కర్లు. ఆ 90ని పీఎస్ఎస్‌లో (ఉమ్మడి పేజీలను వాడేవాళ్ల మధ్య పంచి లెక్కించే కొలత) కొలవండి. ఆర్ఎస్ఎస్ (ర్యామ్‌లో ఉన్న పేజీలన్నిటి లెక్క) అయితే ఓపీక్యాష్ (కంపైల్ అయిన పీహెచ్‌పీ కోడ్ నిల్వ) లాంటి ఉమ్మడి పేజీలను ప్రతి వర్కర్ ఖాతాలోనూ మళ్లీ మళ్లీ రాస్తుంది.

ఇంత చేసినా దెబ్బతీసేది ఎక్సెల్ ఎక్స్‌పోర్ట్ లాంటి ఒక్క పేజీ. అది 400 ఎంబీ లాగుతుందనుకోండి, మూడు ఒకేసారి వస్తే అదనంగా 930 ఎంబీ. పక్కన పెట్టిన 800 అక్కడితో సరి. ఆపైన ఓఓఎమ్ కిల్లర్ (మెమరీ అయిపోతే ఏదో ఒక ప్రాసెస్‌ని చంపే లైనక్స్ భాగం) దిగుతుంది. అది చంపేది ఆ ఎక్స్‌పోర్ట్‌నే అన్న గ్యారంటీ కూడా లేదు. అలాంటి పనులకు రెండే వర్కర్లుండే వేరే పూల్ (వర్కర్ల గుంపు) పెట్టండి, లేదా క్యూలో వేయండి.

ఫ్రీ మెమరీ సంగతి తేలిక. ఖాళీ ర్యామ్‌ని లైనక్స్ ఫైల్ క్యాష్‌కి వాడుకుని, అడిగినప్పుడు చాలావరకు వదిలేస్తుంది. ‘ఫ్రీ’ కమాండ్‌లో చూడాల్సిన కాలమ్ ‘అవైలబుల్’.

జావా సలహా అన్నిటికంటే ప్రమాదకరం. 2 జీబీ కంటెయినర్‌లో (ప్రోగ్రాంని మెమరీ పరిమితితో విడిగా నడిపే చోటు) ఎక్స్ఎమ్ఎక్స్ (హీప్ గరిష్ఠ పరిమితి) కూడా 2 జీబీ పెడితే మెటాస్పేస్, థ్రెడ్ స్టాక్‌లు, డైరెక్ట్ బఫర్లు లాంటి హీప్ బయటి అవసరాలు ఎక్కడ పట్టాలి? హీప్ నిండుతూండగానే కర్నెల్ (ఓఎస్ మూలభాగం) ప్రాసెస్‌ని చంపేస్తుంది. ఎగ్జిట్ కోడ్ 137 (బలవంతంగా చంపారన్న గుర్తు) వస్తుంది, జావా లాగ్‌లో ఎర్రర్ లైను ఒక్కటీ ఉండదు. హీప్‌ని కంటెయినర్ మెమరీలో 60-70 శాతంతో మొదలుపెట్టి కొలిచాకే పెంచండి.

స్వాప్ మాత్రం కొద్దిగా ఉండనివ్వండి. దాంట్లో 300 ఎంబీ ఊరికే పడి ఉంటే కంగారు లేదు. వీఎమ్‌స్టాట్ కమాండ్‌లో ‘ఎస్ఐ’ (స్వాప్ నుంచి ర్యామ్‌కి వస్తున్నది), ‘ఎస్ఓ’ (ర్యామ్ నుంచి స్వాప్‌కి పోతున్నది) కాలమ్‌లు నిమిషాల తరబడి సున్నాకి రాకపోతేనే వర్కర్లను తగ్గించాలి, లేదా ర్యామ్ పెంచాలి.