వాక్యూమ్ అక్కర్లేదన్న మహానుభావుడికి

మార్చి వచ్చిందంటే మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మామిడికాయల ఫోటోల కంటే ముందు ఈ మెసేజి దిగుతుంది: ‘కొత్త ఏసీ బిగిస్తున్నారా? మెకానిక్ మీకు చెప్పని ఏడు రహస్యాలు’. ఈ ఏడాది ఇప్పటికే నాలుగుసార్లు వచ్చింది. నాలుగోసారి పంపింది మా బావగారు. రిటైరైన ఇంజనీరు (సివిల్ అనుకోండి). ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

ముందు చిల్లర రహస్యాలను వదిలించుకుందాం. ఏసీ నుంచి కారే నీరు డిస్టిల్డ్ వాటరేనట, ఇన్వర్టర్ బ్యాటరీలో పోసుకోవచ్చట. ఆ నీరు మీ గది దుమ్మునూ, కాయిల్ మీది బూజునూ కడుక్కుంటూ వస్తోంది. మొక్కలకు పోయండి. మొదటి వారం 16 డిగ్రీల మీద నడిపితే కంప్రెసర్ ‘అలవాటు పడుతుంది’ట. కంప్రెసర్ కొత్త చెప్పుల జత కాదు. అవుట్‌డోర్ యూనిట్‌కు ఎండ తగలకుండా చుట్టూ రేకుల పెట్టె కట్టించాలట. నీడ మంచిదే, పెట్టె కాదు. తాను వదిలిన వేడిగాలినే తాను మళ్లీ పీల్చుకుంటుంటే, పెట్టెలో ఉన్నా పొయ్యిలో ఉన్నా ఒకటే.

అసలు కోపం రెండో రహస్యం మీద. ఇండోర్, అవుట్‌డోర్ యూనిట్లను కలిపే రాగి గొట్టంలోని గాలినీ తేమనూ, గ్యాసు వదలకముందే లాగేసేది వాక్యూమ్ పంపు. ఉన్నదున్నట్టు ఇస్తున్నాను: ‘వాక్యూమ్ పంపు డబ్బు గుంజే ఎత్తు. నట్ కాస్త వదులు చేసి, అవుట్‌డోర్ వాల్వు పది సెకన్లు తెరిస్తే గ్యాసే లోపలి గాలిని తోసేస్తుంది.’

ఆరేళ్ల కిందట మా ఇంట్లో ఈ వైభవం కళ్లారా చూశాను. బిగించడానికి వచ్చిన కుర్రాడు బాల్కనీ పిట్టగోడకు మోకాలు ఆనించి, ఆలెన్ కీ కొంచెం తిప్పి, నట్ దగ్గర గ్యాసు బుస్సుమంటుంటే పెదాలతో ఒకటి, రెండు, మూడు అని లెక్క పెట్టాడు. ఆరు దగ్గర ఫోను మోగింది. ఎత్తి, ‘ఆ, బయలుదేరాను’ అని చెప్పి పెట్టేసి, ఏడు నుంచి అందుకున్నాడు. ఈలోగా గ్యాసు బుస కొడుతూనే ఉంది. ఎవరి గ్యాసు అది? నాది. ఫ్యాక్టరీలో గ్రాముల లెక్కన తూచి నింపి, అవుట్‌డోర్ మీద స్టిక్కర్‌లో ఎంతో రాసి మరీ పంపిన ఆర్-32 అనే చల్లబరిచే గ్యాసు. పైగా అది బరువుకు బరువు, వందేళ్ల లెక్కన, కార్బన్ డయాక్సైడ్ కంటే 675 రెట్లు వేడిని పట్టి ఉంచే సరుకు. ఆర్-290 యంత్రం దగ్గర ఈ విద్య ప్రదర్శిస్తే ఇంకా అందం. అది ప్రొపేన్. మన వంటగ్యాసుకు సొంత తోబుట్టువు.

గాలి పోయిందనే అనుకుందాం. తేమ మాటేమిటి? రాగి గొట్టం లోపలి గోడను అంటుకున్న తడి తోస్తే పోయేది కాదు, మరిగించి ఆవిరి చేసి లాగేయాలి. 30 డిగ్రీల దగ్గర నీరు మరగాలంటే పీడనం మామూలు గాలి పీడనంలో ఇరవై నాలుగో వంతుకు దిగాలి. పంపు చేసేది అదే. పీడనం చూపే గేజి ముల్లు ఒకట్రెండు నిమిషాల్లోనే మైనస్ 30 (డిగ్రీలు కాదు, పాదరసపు అంగుళాలు) దగ్గరకు పడిపోతుంది. చాలామంది అక్కడే ఆపేస్తారు. నిజానికి పని అప్పుడే మొదలవుతుంది, ఇంకో ఇరవై నిమిషాలైనా నడవనివ్వాలి. పాత ఏసీల గ్యాసు ఆర్-22 కాలంలో కంప్రెసర్‌లో మినరల్ ఆయిల్ ఉండేది కాబట్టి పది సెకన్ల చిట్కా ఎలాగో నెట్టుకొచ్చింది. ఇప్పటి సింథటిక్ నూనెలు తేమను వర్షాకాలపు ఉప్పులా పీల్చుకుంటాయి. ఆ తడి లోపల ఆమ్లానికి దారి తీస్తుంది. ఆమ్లం మోటారు చుట్టల పూతను తినేస్తుంది. వారంటీ ముగిసిన మరుసటి ఏడాది ‘కంప్రెసర్ పోయింది సార్’ అనే మాట వినిపిస్తుంది.

ఇంకో లాభం ఆ మెసేజిలో ఎక్కడా లేదు. పంపు వైపు వాల్వు మూసి, పంపు ఆపి, పది నిమిషాలు ముల్లును చూస్తూ కూర్చోండి. పైకి పాకుతోందంటే ఎక్కడో గొట్టాన్ని బిగించే ఫ్లేర్ నట్ సరిగా కూర్చోలేదు, లేదా తడి ఇంకా ఉంది. గ్యాసు వదలకముందే దొంగ దొరికిపోతాడు.

మూడో రహస్యం: ‘ప్రతి వేసవిలో గ్యాసు నింపించాలి’. ఎందుకు? అదేమన్నా స్కూటర్లో పెట్రోలా, ఖర్చయిపోవడానికి? గ్యాసు తగ్గిందంటే కారిందన్నమాట. కారిన చోటు పట్టకుండా నింపడమంటే చిల్లుకుండలో నీళ్లు పోయడమే. లేదంటే బిగించిన రోజునే మా కుర్రాడిలాంటి వాడు ఫోనులో మాట్లాడుతూ వదిలేసి ఉంటాడు. గమనించారా, రెండో రహస్యం పాటిస్తే మూడోది దానంతటదే నిజమవుతుంది! మా ఇంట్లో సరిగ్గా అదే జరిగింది. మరుసటి ఏప్రిల్‌లో ఇంకో మెకానిక్ వచ్చి ‘గ్యాసు తక్కువుంది’ అని నింపి వెళ్లాడు. అదీ తూకం వేయకుండా, గేజిలో పీడనం చూసి ‘150 పీఎస్ఐ వచ్చింది, చాలు’ అంటూ. ఇన్వర్టర్ ఏసీలో కంప్రెసర్ వేగం మారిన కొద్దీ ఆ అంకె మారుతూనే ఉంటుంది. ఉన్న గ్యాసు తీసేసి, స్టిక్కర్ చూసి, తూకం వేసి నింపడం తప్ప నమ్మదగ్గ దారి లేదు.

స్టెబిలైజర్ గురించిన ఆరో రహస్యాన్ని వదిలేస్తున్నాను. ఓపిక లేదు.

ఏడోది మాత్రం బంగారం లాంటి మాట: ‘అరగంట నడిపించి చూసేదాకా మెకానిక్‌ను పంపకండి’. నూటికి నూరుపాళ్లు నిజం. ఇండోర్ పీల్చుకునే గాలికీ వదిలే గాలికీ పది డిగ్రీల తేడా ఉందో లేదో థర్మామీటర్‌తో చూడండి. ట్రేలో ఒక సీసా నీళ్లు పోసి, గోడ మీద కాకుండా పైపులోంచే బయటికి పోతున్నాయో లేదో చూడండి. ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. మే నెలలో ఇంటికింతని లెక్కగట్టి ఇచ్చే కూలికి ఇల్లిల్లూ తిరిగే కుర్రాడు ఆ బరువైన పంపును నాలుగో అంతస్తుకు మోసుకురాలేదంటే, తప్పంతా అతనిదే అనలేను.

మా బావగారి ఇంట్లో ఎనిమిదేళ్ల కిందట పంపు లేకుండానే బిగించిన ఏసీ ఇప్పటికీ చల్లగా పనిచేస్తోంది. ఆయన దాన్నే రుజువుగా చూపిస్తారు. కాదనను. ఆయన ముప్పై ఏళ్లు హెల్మెట్ లేకుండా స్కూటరు కూడా నడిపారు. ఈ గురువారం వాళ్ల అమ్మాయి గదికి కొత్త ఏసీ వస్తోంది. పంపు తెచ్చే కుర్రాడి నంబరు కావాలని నిన్న రాత్రి అడిగారు. గ్రూపులో కాదు, నాకు విడిగా.