రోడ్డు పక్క హరిత పట్టీ గారికి పాత పట్టాదారు విన్నపం

మహారాజశ్రీ హరిత పట్టీ గారికి నమస్కరించి వ్రాయునది.

తమరి పుణ్యమా అని నిన్న మధ్యాహ్నమంతా రెవెన్యూ కార్యాలయం వరండాలో గడిపే భాగ్యం కలిగింది. తమరి కోసం తీసుకున్న నా భూమిలోని చింతచెట్టుకు పరిహారం ఊసెత్తగానే, పంచనామాలో 'చెట్లు: లేవు' అని ఉన్నదనీ, చెట్టును చూపిస్తే తప్పక విలువ కడతామనీ గుమాస్తా గారు మర్యాదగా సెలవిచ్చారు. వారు పంచనామాకు వచ్చేనాటికే తమరి కోసం నేల చదును చేయడానికి వచ్చిన జేసీబీ దానిని వేళ్లతో సహా పెకలించింది కనుక, రాసింది అక్షరాలా నిజమే.

2013 భూసేకరణ చట్టం 29వ సెక్షన్ ప్రకారం చెట్ల విలువ కట్టడానికి వ్యవసాయ, అటవీ, ఉద్యాన రంగాల అనుభవజ్ఞుల సాయం తీసుకోవచ్చు. మొద్దయినా మిగలని చోట వారు మాత్రం ఏమి కొలుస్తారు? అదే చెట్టును నేను నరికి ఉంటే, నీరు, నేల, చెట్ల పరిరక్షణకని తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం చూపించి అనుమతి ఏదని నిలదీసేవారు.

రిజిస్ట్రేషన్ విలువకూ బయటి ధరకూ ఉన్న దూరం గురించి మాట్లాడను. నాకు మిగిలిన కొద్ది గుంటల భూమి, రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల నిషేధిత జాబితాలోకి ఎలా చేరిందో కూడా అడగను. నాకు మింగుడుపడనిది ఒక్కటే. శివరాత్రి దాటాక కాయ దులిపితే ఏడాదికి సరిపడా చింతపండు ఇచ్చి, వేసవిలో దోటి పట్టుకొచ్చిన వారందరికీ చిగురు పెట్టిన చెట్టును తీసివేసి, ఆ చోట తమరు కోనోకార్పస్ అనే అలంకరణ మొక్కల వరుసలను నిలబెట్టుకున్నారు. ఆ మొక్కను ఇక నాటవద్దని చెప్పింది ప్రభుత్వమే. అయితేనేమి, ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది, ఫొటోలో బాగా పడుతుంది.

హైదరాబాద్-బీజాపూర్ రహదారిలో అప్పా కూడలి నుంచి మన్నెగూడ దాకా ఉన్న మర్రిచెట్ల కోసం జనం పర్యావరణ కేసులు విచారించే జాతీయ హరిత ట్రిబ్యునల్ మెట్లెక్కారు. మా ఒంటి చింతకు వకాలతు పుచ్చుకునే నాథుడు లేకపోయాడు.

పర్యావరణ పరిరక్షణ కోసమంటే సంతకం పెట్టాము, కాదనలేదు. కానీ చెట్టును నరికి, అక్కడ అసలు చెట్టే లేదని కాగితం రాసి, దాని మీద ముద్ర కొట్టి, ఆపైన 'చెట్లను పెంచండి' అని నాకే బోర్డు చూపిస్తారా? సిగ్గుండాలి. మీ పరిహారం మీరే ఉంచుకోండి. ఆ పంచనామా తిరగరాయించి, 'చింతచెట్టు ఒకటి, మేమే తీయించాము' అని సంతకం చేయించి పంపండి.

ఇట్లు,
సదరు సర్వే నంబరు మాజీ పట్టాదారు